జాన్ స్టూఅర్టు మిల్లు

ఈ సంచికకు ఒక ప్రసిద్ధ పురుషుని జీవితమును వ్రాసి యిమ్మని మమ్ము కోరిరి. రాజులను, వీరులను, వైద్యులను గుఱించి మన విద్యార్థులు పాఠ్యపుస్తకములలో చదువుచునే యున్నారు. కావున మేము ఈ మాఱు దండయాత్రలు చేయనివానిని, కొత్త దేశములు కనుగొననివానిని, ముప్పదియైదేండ్లు ఒక్క కచేరిలో కూర్చుండి జాబులు వ్రాసినవానిని ఎన్నుకొంటిమి. సుఖమనగా నేమో లోకమునకు బోధించినవారిలో ఇతడు ముఖ్యుడు. ఇరువదవ యేట తనకు సుఖమన్నది ఎచట నున్నదో తెలియక క్రుంగిపోయినవాడును ఇతడే. ఈ రెండు సంగతులకు నడుమ గల సంబంధమును చెప్పుటయే మా ముఖ్యోద్దేశము.

జాన్ స్టూఅర్టు మిల్లు 1806 వ సంవత్సరము మే నెల 20 వ తేదీన లండను నగరములోని పెంటన్‌విల్లు అను పేటలో జన్మించెను. తొమ్మండుగురు సంతానములో ఇతడే జ్యేష్ఠుడు. తండ్రి జేమ్సు మిల్లు స్కాట్లండు దేశీయుడు. చెప్పులు కుట్టువాని కుమారుడు. సర్ జాన్ స్టూఅర్టు అను ఒక ప్రభువు ఆదరణమున ఆయన పెద్దచదువులు చదివి, మత ప్రబోధకుడుగా నుండుటకు అనుజ్ఞ కూడ పొందెను. కాని ఆ వృత్తి సాగలేదు, విశ్వాసమును నిలువలేదు. లండను చేరి పత్రికలకు వ్రాసి పొట్టపోసికొనుచు, ఆ ప్రభువు పేరునే తన తొలిచూలు బిడ్డకు పెట్టుకొనెను.

ఈ బిడ్డను ఏ బడికిని పంపలేదు. తండ్రియే గురువు. మూడవ యేట గ్రీకుభాష ఆరంభమయ్యెను. చిన్న చిన్న అట్టముక్కలపై గ్రీకుమాటలను, వాని యర్థములను వ్రాసి తండ్రి పిల్లవాని చేతి కిచ్చెడివాడు. ఎనిమిదవ యేట లాటిను. ఆ లోపలనే ఈసపు కథలు, జెనొఫను గ్రంథము, హెరొడోటసు చరిత్రము, ప్లేటో సంవాదములలో ఆఱు పూర్తియైనవి. పండ్రెండవ యేట తర్కము, పదుమూడవ యేట అర్థశాస్త్రము. సెలవులన్నవి లేవు, సోమరితనము అలవడునని తండ్రి భయము. ఇతర బాలురతో ఆటలును లేవు.

ఇచట ఒక చిత్రమును మా చదువరుల కన్నుల యెదుట నుంచవలెను. ఆ దినములలో గ్రీకుపదములకు ఇంగ్లీషున అర్థము చెప్పు నిఘంటువు బాలునికి దొరకదు. ఉన్నవి లాటినులో అర్థము చెప్పునవి. పిల్లవానికి లాటిను ఇంకను రాదు. కావున తెలియని ప్రతి మాటకును తండ్రినే అడుగవలెను. తండ్రియో, అదే బల్లకడ కూర్చుండి హిందూదేశ చరిత్రమును వ్రాయుచుండెను. కుమారుడు పుట్టిన యేట మొదలుపెట్టిన ఆ గ్రంథము 1817 లో గాని ముగియలేదు. స్వభావము చేత ఓర్పు లేనివాడైనను, నిమిషమున కొకమాఱు అడ్డుపడు ఆ పసిగొంతును ఆయన సహించి, అర్థము చెప్పి, తిరిగి తన వాక్యమునకు పోవుచుండెడివాడు. మన దేశమును ఎన్నడును చూడనివాడు, మన భాషలలో ఒక్కటియు ఎఱుగనివాడు మన చరిత్రమును వ్రాయుట, దానిని చదివి కంపెనీ దొరలు చాలమంది మనపై అధికారము చేయుటకు వచ్చుట వింతయే. దానిని గుఱించి తండ్రితో మేము పోట్లాడవలసినది చాల గలదు. కాని ఆ బల్లకడ ఆయన చూపిన ఓర్పును తలచుకొన్నపుడు, రెండవమాఱు ప్రశ్న యడిగిన పిల్లవానిపై కసరుకొను మావంటి ఉపాధ్యాయులకు కొంచెము సిగ్గు కలుగును.

ఉదయమున తండ్రియు కొడుకును నడకకు పోవుదురు. ముందటినాడు చదివినదానిని పిల్లవాడు కాగితపు ముక్కలపై గుఱుతు వ్రాసికొని, దారిలో అప్పగింపవలెను. అంతటితో తీఱలేదు. తాను నేర్చినదానిని తమ్ములకు చెల్లెండ్రకు నేర్పవలెను. వారు తప్పినచో దెబ్బ ఇతనికే. మన వీథిబడులలో పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పు పద్ధతిని డాక్టరు బెల్లు అను పాదిరి మదరాసులో చూచి ఇంగ్లండునకు కొనిపోయెను. అట్టి పద్ధతిని మెచ్చి ప్రచారము చేసినవారిలో జేమ్సు మిల్లు ఒకడు. ఇట్లు మన అరుగుబడి కొంత ఆ లండను ఇంటిలో ప్రవేశించినది.

పదునాలుగవ యేట ఈ బాలుడు ఫ్రాన్సుదేశమునకు పోవలసియుండెను. బయలుదేరుటకు ముందు తండ్రి హైడు తోటలో వానిని వెంట నడిపించుకొనుచు ఒక హితము చెప్పెను. ఇతర బాలుర కెఱుగరాని సంగతులు నీకు తెలిసియున్నట్లు లోకులు చెప్పుదురు. అది నీ ఘనత కాదు, నేర్పగల తండ్రి, నేర్పుటకు శ్రమపడు తండ్రి నీకు దొరకిన అదృష్టమే అని దాని భావము. తాను ఇతరులకంటె ఎక్కువ యెఱుగుదునను తలంపు ఆ నాటివఱకు ఆ బాలునికి లేనేలేదు. మొదటి తరగతి మార్కులు వచ్చిన మఱునాడు మన వీథులలో వినవచ్చు మాటలతో దీనిని పోల్చి చూచుకొనుడు.

తల్లి సంగతి ఏమి? ఆమె పేరు హారియట్టు. తొమ్మిది కాన్పులు కన్న ఆ తల్లిని గుఱించి, మిల్లు తన స్వీయచరిత్రమున అచ్చుపడిన భాగమందు ఒక్కమాటయు వ్రాయలేదు. ఆ గ్రంథమును చదివినపుడెల్ల మాకు ఈ మౌనమే ఎక్కువగా వినిపించును.

ఇంత శ్రమయు దేనికొఱకు? ఇది తెలియుటకు జెరిమీ బెంథామును గుఱించి చెప్పవలెను. బెంథాము 1748 లో పుట్టిన న్యాయశాస్త్రజ్ఞుడు. ధనికుడు, బ్రహ్మచారి, వింతమనిషి. తాను చనిపోయిన పిదప తన దేహమును కోసి చూచి విద్యార్థులు నేర్చుకొనవలెననియు, అస్థిపంజరమునకు తన దుస్తులే తొడిగి కూర్చుండబెట్టవలెననియు మరణశాసనము వ్రాసెను. 1832 లో అట్లే జరిగెను. ఆ విగ్రహము లండను యూనివర్సిటీ కళాశాలలో నేటికిని గలదు. చచ్చిన శరీరము కూడ నలుగురికి ఉపయోగింపవలెనన్నది ఆయన పట్టుదల.

ఆయన సిద్ధాంతము పైకి చాల సులభము. మంచి యననేమి, చెడ్డ యననేమి? ఎక్కువమందికి ఎక్కువ సుఖము కలిగించునది మంచి. దుఃఖము కలిగించునది చెడ్డ. దీనినే ఉపయోగితావాద మందుము. ఈ తలంపు బెంథామునకు ముందును గలదు. హచిసను అను పండితుడు 1725 లోనే దీనిని వెల్లడించెను. విలియము పేలీ అను మతాచార్యుడు 1785 లో ప్రకటించిన నీతిగ్రంథమున, జనుల సుఖమే దైవసంకల్పమనియు, ఆ సంకల్పమునకు లోబడి నడచుటయే నీతి యనియు చెప్పి దీనిని దైవభక్తితో కలిపెను. బెంథాము భక్తిని విడిచి లెక్కను పట్టుకొనెను. ఒక సుఖము ఎంత తీవ్రమైనది, ఎంతకాలము నిలుచును, ఎంత నిశ్చయమైనది, ఎంత సమీపమున నున్నది, మఱికొన్ని సుఖములను కనునా, దుఃఖముతో కలియక యుండునా, ఎందఱికి చెందును — ఈ ఏడు విషయములను తూచి, ఆదాయవ్యయముల పట్టీ వలె కూడి తీసివేసినచో చేయవలసినది తేలునని ఆయన మతము. ఆ లెక్కలో రాజుయొక్క సుఖము ఒకటి, బిచ్చగాని సుఖము ఒకటి. ఇది చిన్నమాట కాదు. నాటి ఇంగ్లండున చిన్న దొంగతనములకును ఉరిశిక్ష విధించు చట్టములుండెను. ఈ శిక్షవలన ఎవరికేమి మేలు అని అడుగగల ధైర్యము ఈ లెక్కనుండియే వచ్చినది. పశువుల బాధను కూడ లెక్కకు చేర్చవలెనని బెంథాము ఆనాడే వ్రాసెను.

జేమ్సు మిల్లు బెంథామునకు పరమమిత్రుడు. ఆ సిద్ధాంతమును ముందుకు నడపగల యువకుని తయారుచేయుటయే ఆ యింటి బడి యుద్దేశము. కుమారుడు ఫ్రాన్సునుండి తిరిగివచ్చి, పదునైదవ యేట బెంథాము శాసనగ్రంథమును ఫ్రెంచిభాషలో చదివెను. చదివి ముగించునప్పటికి తన జీవితమునకు ఒక గమ్యము దొరకిన ట్లయ్యెను. వెంటనే తోటి యువకులను చేర్చి ఒక చిన్న సంఘము నెలకొల్పెను. దానికి పెట్టిన పేరు ఎచటినుండి వచ్చినదో చూడుడు. గాల్టు అను రచయిత వ్రాసిన నవలలో ఒక పల్లె పాదిరిగారు తన సంఘస్థులను, సువార్తను విడిచి ఉపయోగితావాదులు కావలదని హెచ్చరించును. పాదిరిగారు నిందగా వాడిన మాటనే ఈ పదాఱేండ్ల బాలుడు బిరుదుగా తగిలించుకొనెను!

1823 మే 21 న, అనగా పదునేడేండ్లు నిండిన మఱునాడు, మిల్లు లండనులో కంపెనీవారి ఇండియా హౌసున తండ్రి క్రింద గుమాస్తాగా చేరెను. పగలు కచేరి, రాత్రి చదువు, నడుమ వాదసభలు, పత్రికలకు వ్యాసములు. ఇవి చాలవన్నట్లు బెంథాము సాక్ష్యమును గుఱించి వ్రాసిన చిక్కు వ్రాతలను సరిదిద్ది ఐదు సంపుటములుగ సిద్ధపఱచెను. అవి 1827 లో అచ్చయ్యెను.

ఈ మధ్యలోనే ఆ యంత్రము ఆగినది.

1826 వ సంవత్సరము శరత్కాలము. ఒకనాడు మిల్లు తన్ను తాను ఒక ప్రశ్న యడిగికొనెను. తాను కోరు సంస్కరణము లన్నియు ఈ క్షణముననే నెఱవేఱినచో తనకు ఆనందము కలుగునా? లోపలినుండి వచ్చిన జవాబు, కలుగదు అని. దానితో జీవితము నిలిచియున్న పునాది కూలిపోయెను. జనుల సుఖమే గమ్యమని పెరిగినవానికి, ఆ గమ్యము చేరినను సుఖము లేదని తెలియుట యెట్టిది! అతడు మంచమెక్కలేదు; కచేరి మానలేదు. అలవాటు చొప్పున పనులన్నియు చేయుచునే యుండెను. కనుకనే ఎవరికిని తెలియలేదు. చెప్పుకొనుటకు స్నేహితుడు లేడు. తండ్రితో చెప్పుట అసాధ్యము. ఆయన తీర్చిదిద్దిన పని పాడైనదని ఆయనకే చెప్పుట యగును.

ఇరువదియేండ్లకు పైగా తరగతి గదులలో గడపిన మాకు, ఈ భాగము చదువునపుడు కొన్ని ముఖములు జ్ఞప్తికి వచ్చును. మొదటి వరుసలో కూర్చుండి, అన్ని ప్రశ్నలకును జవాబు వ్రాసి, ఎన్నడును అల్లరి చేయనివారి ముఖములు. వారిని గుఱించి మాకు చింత యుండదు. చింతపడుటకు వెనుక వరుసవారే చాలుదురు. మిల్లు వెనుక వరుసలోనివాడు కాడు.

అతనికి ఊరట వచ్చిన తీరు మిక్కిలి చిన్నది. మార్మొంటెలు అను ఫ్రెంచి రచయిత స్వీయచరిత్రమును చదువుచుండగా ఒక ఘట్టము వచ్చెను. తండ్రి చనిపోయెను, కుటుంబము దిక్కులేనిదై యున్నది, పసివాడైన కుమారుడు, ఇకమీదట మీకు నేనే అన్నియు అని తల్లికి, తోబుట్టువులకు ధైర్యము చెప్పెను. దీనిని చదివి మిల్లు కన్నీరు కార్చెను. తాను ఱాయి కాలేదని ఆ కన్నీటివలన తెలిసికొనెను. తండ్రి మరణించిన కథయే ఏల అతనిని కరగించెనో పండితులు పలువిధముల ఊహించిరి. మేము ఆ జోలికి పోము. తరువాత 1828 లో వర్డ్సువర్తు కవిత్వము చదివి, కొండలు, పూలు, మనుష్యుల సామాన్యమైన మమతలు — వీనిలో ఎవరిని దోచకయే పొందదగిన ఆనందము కలదని గ్రహించెను.

ఈ గండమునుండి అతడు రెండు సంగతులు తెచ్చుకొనెను. సుఖమును గుఱిపెట్టి వెంటాడువానికి అది చిక్కదు. మఱియొకదానిపై, పరుల మేలుపైనో కళపైనో మనసు నిలిపి నడచువానికి దారిలో దొరకును. ఇది మొదటిది. బుద్ధిని మాత్రము సానపట్టి భావములను ఎండగట్టు చదువు మనుష్యుని సగమే చేయునన్నది రెండవది. అయినను అతడు ఉపయోగితావాదమును విడువలేదు. ఇచటనే మాకు అతనిపై గౌరవము హెచ్చును. తన్ను గాయపఱచిన సిద్ధాంతమును పాఱవేయుట సులభము; మూసిపెట్టుకొని అంతయు బాగుగనే యున్నదని నటించుట ఇంకను సులభము. అతడు దానిని విప్పి మరమ్మతు చేయ బూనెను. ఆ పనికి ముప్పదియైదేండ్లు పట్టినది. ఉపయోగితావాదమను చిన్న గ్రంథము 1861 లో ఒక మాసపత్రికలోను, 1863 లో పుస్తకముగాను వెలువడెను.

ఆ సిద్ధాంతము పందులకు తగినదని కార్లైలు వంటివారు ఎత్తిపొడిచియుండిరి. (కార్లైలు చదువుటకిచ్చిన చరిత్రగ్రంథపు వ్రాతప్రతి మిల్లు కడ నుండగా పొరపాటున కాలి బూడిదయైన కథ వేఱొకటి గలదు, దానిని ఇంకొకమాఱు చెప్పుదుము.) సుఖమే పరమార్థమైనచో మేతమేసి పండుకొన్న పందికిని ఋషికిని భేదమేమి? బెంథాము లెక్కప్రకారము పరిమాణము సమానమైనచో పిల్లల గోలీలాటయు కవిత్వమును ఒక్కటే. మిల్లు దీని నొప్పుకొనలేదు. సుఖములలో ఎక్కువ తక్కువలే గాక, ఉత్తమము అధమము అను జాతిభేదము గూడ గలదనెను. ఏది ఉత్తమమో నిర్ణయించు అధికారము రెండింటిని రుచిచూచినవారిది. అజ్ఞానముతో తృప్తిపడుటకంటె జ్ఞానముతో అసంతృప్తిపడుటయే మేలని అట్టివారు ఎన్నుకొందురని అతని నమ్మకము. కొలతకఱ్ఱతో మొదలైన వాదమున కొలతకు లొంగనిదానిని చేర్చెనని విమర్శకులు తప్పుపట్టిరి. ఆ తప్పు కొంత నిజమే. కాని 1826 లో క్రుంగిన యువకుడు ఆ తప్పు చేయక యుండగలడా?

దీనికంటె కఠినమైన చిక్కు వేఱొకటి గలదు. దానిని మా యనుభవమునుండియే చెప్పుదుము. ఉపాధ్యాయత్వమున ప్రవేశించిన తొలి యేండ్లలో, మా తరగతిలో ఒక బాలుని కలము పోయెను. నలుబదిమంది పిల్లలు గోలపెట్టుచుండిరి, పాఠము సాగదు. అందఱి వ్రేళ్ళును ఒక బీదపిల్లవానివైపే చూపుచుండెను. సాక్ష్యమేమియు లేదు. అయినను వానిని బల్లపై నిలువబెట్టితిమి. తరగతి తక్షణమే సద్దుమణిగెను. పాఠము ముగిసెను. రెండుదినములకు ఆ కలము, పోగొట్టుకొన్నవాని సంచి అడుగున చిరిగిన అతుకులో దొరకెను. ఆ బీదపిల్లవాడు మమ్ము ఏమియు అనలేదు. మఱుసటి యేడు బడికి రాలేదు. కారణము మేము అడిగి తెలిసికొనలేదు.

బెంథాము పట్టీలో ఆ దినమును వ్రాసి చూచినచో ఏమి తేలును? ముప్పదితొమ్మండుగురకు శాంతి, ఒకనికి దుఃఖము, మొత్తమున లాభము. ప్రతి కార్యమును విడివిడిగా తూచు ఈ రూపమునకు నేటి పండితులు కార్యవాదమని పేరుపెట్టిరి. మఱికొందఱు, తూచవలసినది ఈ యొక్క కార్యమును కాదు, ఇట్లు చేయవచ్చునను నియమమును అందురు. సాక్ష్యము లేకయే పిల్లవానిని శిక్షింపవచ్చునని ఉపాధ్యాయులందఱు నియమముగ పెట్టుకొన్నచో ఏ బడిలోనైనను ఏ పిల్లవాడైనను నిర్భయముగా కూర్చుండునా? ఈ రూపము నియమవాదము. ఈ రెండు పేర్లును ఇరువదవ శతాబ్దిలో ఏర్పడినవి. మిల్లు వానిని ఎఱుగడు. అయినను అతని గ్రంథమున రెండవదాని విత్తనము గలదు. నావికుడు నడిసముద్రమున నక్షత్రగణితము మొదలు పెట్టడు, గుణించియుంచిన పంచాంగమును వెంట కొనిపోవును; అట్లే అబద్ధమాడరాదు, నిరపరాధిని బాధింపరాదు అను నియమములు మానవజాతి యనుభవము గుణించియుంచినవి అని అతడు వాదించెను. ఆ గ్రంథపు తుది ప్రకరణమంతయు న్యాయమును గుఱించియే. భద్రత లేనిచోట ఏ సుఖమును నిలువదు గనుక న్యాయము సుఖమునకు ప్రాణాధారమని అతని సమాధానము. నీవు కోరునట్లే పరులకు చేయుమను యేసుక్రీస్తు ఉపదేశమున ఈ సిద్ధాంతముయొక్క పూర్ణస్వరూప మున్నదని, మతవిశ్వాసము లేక పెరిగిన ఈ మనుష్యుడు ఆ గ్రంథముననే ఒప్పుకొనెను.

ఈ సమాధానము అందఱికిని చాలలేదు. నియమమును మీఱుటవలన నిజముగ ఎక్కువ మేలు కలుగు సందర్భమున దానినే పట్టుకొని వ్రేలాడుట యెందులకని కార్యవాదులు నేటికిని అడుగుచున్నారు. హెన్రీ సిజ్విక్కు 1874 లో వ్రాసిన గ్రంథమున, నా సుఖము విడిచి అందఱి సుఖము కోరుటకు బుద్ధి ఒక్కటే కారణము చూపజాలదని బాధతో ఒప్పుకొనెను. మూరు అను పండితుడు 1903 లో సుఖముతోపాటు స్నేహమును, సౌందర్యమును గూడ స్వతంత్రమైన మేలులుగ చేర్చెను. మన కాలమున పీటరు సింగరు మొదలగువారు సుఖదుఃఖములకు మాఱుగ, ప్రతి జీవియు ఏమి కోరుచున్నదో దానిని తూచవలెనని వాదించి, పశువుల బాధను గుఱించి బెంథాము వేసిన ప్రశ్నను తిరిగి లేవదీసిరి. మాకు మాత్రము బల్లపై నిలిచిన ఆ బాలుని విషయమున ఏ రూపమును పూర్తిగ జవాబు చెప్పినట్లు తోచదు. నియమము చెడుననుట నిజమే. కాని ముందుగ చెడినది వాని మనసు.

ఇక ఇండియా హౌసు సంగతి. మిల్లు 1823 మొదలు 1858 వఱకు అచట పనిచేసి, తండ్రి వలెనే చివరకు ప్రధాన పరీక్షకుడయ్యెను. మన దేశమునకు పంపవలసిన ఉత్తరువుల ముసాయిదాలు 1,700 లకు పైగా అతని చేతిమీదుగ నడచినవి. వానిలో పెక్కు స్వదేశ సంస్థానములను గూర్చినవి. 1835 లో మెకాలే సలహాపై ప్రభుత్వము సంస్కృతము, అరబ్బీ విద్యలకిచ్చు ధనమును తగ్గించి ఇంగ్లీషు చదువునకు మరలింపగా, మిల్లు దానిని ఖండించుచు 1836 లో ఒక ముసాయిదా వ్రాసెను. ఈ దేశపు పండితులను అవమానించి దూరము చేసికొన్నచో కొత్త విద్య దేశభాషలలోనికి దిగి జనులకు చేరునెట్లు అని అతని వాదము. పైయధికారి దానిని త్రోసివేసెను. ఆ కాగితము సాగియుండినచో మన బడులలో తెలుగు పాఠముల చరిత్ర వేఱుగ నుండెడిదేమో.

అయితే మఱియొక వైపును గలదు. 1833 లో మన గుంటూరు మండలమున నందన కఱవు వచ్చి, బాటల ప్రక్కల శవములు పడియున్న కాలమున, ఈ సుఖశాస్త్రజ్ఞుడు ఆ కంపెనీకే జీతగాడు. స్వేచ్ఛను గుఱించి 1859 లో అతడు వ్రాసిన గ్రంథము లోకప్రసిద్ధము. ఒకరికి హాని చేయనంతవఱకు మనుష్యుని ఇష్టమునకు సంఘముగాని ప్రభుత్వముగాని అడ్డురారాదని అందు స్థాపించెను. లోకమంతయు ఒకవైపును, ఒక్కడు మఱియొకవైపును ఉన్నను ఆ యొక్కని నోరు మూయుట తగదనెను. ఆ గ్రంథముననే, ఈ న్యాయము ఇంకను పక్వమునకు రాని జాతులకు వర్తింపదని ఒక మినహాయింపు పెట్టెను. ఆ జాతులలో మనమును జేరితిమి. ముప్పదియైదేండ్లు మన కాగితములు చదివినవాడు మనలో ఒక్కనితోనైన తగినంత మాటాడియుండినచో అట్లు వ్రాయునా? తండ్రి బల్లపై చూచిన చరిత్రము కొడుకు కన్నులలో మిగిలిపోయెనని మా తలంపు. ప్రతివాని సుఖము ఒకటిగా లెక్కకు వచ్చునన్న వాదము వారి యింటిలో పుట్టి పెరిగినదే. లెక్కలో మనలను తక్కువగ వేసికొన్నదియు ఆ యింటివారే.

1830 లో అతనికి హారియట్టు టెయిలరు అను వివేకవతి పరిచయ మయ్యెను. ఆమె అప్పటికే వివాహిత. వారి స్నేహమును లోకులు పలువిధముల అనుకొనిరి. ఆమె భర్త గతించిన రెండేండ్లకు, 1851 లో, వారు వివాహము చేసికొనిరి. చట్టము భర్తకు భార్యపై ఇచ్చు అధికారములను తాను ఎన్నడును వాడనని మిల్లు ముందుగ వ్రాసి సంతకము చేసెను. స్వేచ్ఛాగ్రంథమును ఇద్దఱును కలిసి వాక్యము వాక్యముగ దిద్దిరి. అది అచ్చు కాకమునుపే, 1858 నవంబరు 3 న, ప్రయాణములో ఫ్రాన్సులోని అవిన్యోను పట్టణమున ఆమె కాలధర్మము నొందెను. మిల్లు ఆ శ్మశానవాటిక కనబడునంత దూరమున ఒక చిన్న యిల్లు కొని, ఏటేట కొంతకాలము అచట గడపుచుండెను. ఆమె కుమార్తె హెలెను అతనికి తోడుగ నుండెను.

1865 లో వెస్టుమినిస్టరు నియోజకవర్గమువారు పార్లమెంటునకు నిలువుమని కోరిరి. ఓట్లడుగ తిరుగను, పైసా ఖర్చుపెట్టను, గెలిచినచో స్థానిక విషయములకు కాలమీయను అని అతడు షరతులు వ్రాసెను. ఒక సభకు పనివారు ఎక్కువగ వచ్చిరి. ఆంగ్లేయ శ్రామికజనులు అబద్ధమునకు సిగ్గుపడుదురు గాని సాధారణముగ అబద్ధీకులే అని అతడు పూర్వమొకచోట వ్రాసియుండెను. ప్రతిపక్షమువారు దానిని పెద్ద అక్షరములతో అచ్చువేయించి తెచ్చి, ఇది మీరు వ్రాసినదేనా అని సభలో అడిగిరి. మిల్లు ఒక్క క్షణమైన తడవుచేయక, నేనే వ్రాసితిని అని చెప్పెను. సభ దద్దఱిల్లునట్లు చప్పట్లు మ్రోగెను. మాకు ముఖస్తుతి చేయువారు వలదు, తప్పు చెప్పగల మిత్రులు కావలెనని పనివారి నాయకుడొకడు లేచి పలికెను. ఈ జవాబువలన ఎన్ని ఓట్లు వచ్చును, ఎన్ని పోవును అని ఆ క్షణమున మిల్లు గుణించెనా? నక్షత్రగణితము ముందే ముగిసియుండెను.

అతడు గెలిచెను. స్త్రీలకు ఓటుహక్కు కోరుచు దాదాపు 1,500 మంది సంతకములతో వచ్చిన విన్నపమును 1866 లో సభ ముందుంచెను. మఱుసటి యేడు మే 20 న, తన పుట్టినదినముననే, చట్టములో పురుషుడు అను మాటకు బదులు వ్యక్తి అను మాటను పెట్టవలెనని ప్రతిపాదించెను. అనుకూలముగ 73, ప్రతికూలముగ 196. ఓడిపోయెను. బ్రిటనులో స్త్రీలకు తొలుత 1918 లోను, పురుషులతో సమానముగ 1928 లోను ఆ హక్కు వచ్చినది. మన మదరాసు రాజధానిలో ఆస్తిగల స్త్రీలకు 1921 లో వచ్చినది. జమైకాలో నల్లవారిని నిర్దాక్షిణ్యముగ చంపించిన గవర్నరు ఎయిరును విచారింపవలెనని కూడ మిల్లు పట్టుబట్టి, చంపెదమను బెదరింపుజాబులు తినెను. 1868 ఎన్నికలలో ఓటర్లు అతనిని ఇంటికి పంపిరి. అతడు విచారింపలేదు, అవిన్యోనులో అతని మొక్కలు కాచుకొనియుండెను.

మొక్కలనగా వినోదమునకు చెప్పినది కాదు. బాల్యమున ఫ్రాన్సులో నేర్చిన వృక్షశాస్త్రమును అతడు జీవితాంతము విడువలేదు. ఎచటికి పోయినను మైళ్ళకొలది నడచి, పూలను ఆకులను ఏరి, కాగితముల నడుమ ఆరబెట్టి పేర్లు వ్రాయును. దానివలన ఎవరికేమి ఉపయోగమని ఎన్నడును అడిగికొన్నట్లు లేదు. కీటకములను గుఱించి వ్రాసి పేరుపొందిన ఫాబ్రు ఆ ప్రాంతమున వసించు బీద ఉపాధ్యాయుడు. అతనికి కష్టకాలమున మిల్లు పత్రము వ్రాయించుకొనకయే ధనము అప్పిచ్చెను. 1873 మే 3 వ తేదీ శనివారమున ఇద్దఱును కలిసి కొండచఱియలలో పదునైదు మైళ్ళు నడచి మొక్కలు సేకరించిరి. ఇంటికి వచ్చిన పిదప మిల్లునకు జ్వరము తగిలెను. నాలుగుదినములకు, మే 7 న, అరువదియేడవ యేడు నిండకయే, అతడు ప్రాణము విడిచెను. భార్య సమాధిలోనే అతనిని కూడ ఉంచిరి. వెంట వచ్చినవారు కొలదిమంది మాత్రమే. అతడు ఆరబెట్టి యుంచిన మొక్కలను హెలెను పంచిపెట్టెను. కొన్ని లండను సమీపమున క్యూ వనమునకును, కొన్ని ఆస్ట్రేలియాలోని మెల్బోరనునకును చేరినవి.